ఒక్క ఎముకా విరగదన్న మాట

2023 మార్చి నెల. పుత్తూరులో రైలు గేటుకు పోయే దారిలో ఉన్న ఒక చిన్న ఎక్స్‌రే సెంటరులో నేను రేడియోగ్రాఫర్‌ని. అంటే ఎక్స్‌రే తీసే మనిషిని. తీసినదాన్ని చూసి ఫలానా అని రాసిచ్చే డాక్టరు వేరు, ఆయన మా మేడమీద కూర్చుంటారు. ఈ తేడా జనానికి ఎన్నేళ్లు చెప్పినా ఎక్కదు. ఫిల్ము చేతికివ్వగానే "ఏముండాది మేడం" అని నా మొహమే చూస్తారు.

మా ఊరు ఎముకల కట్టుకు పేరుమోసిన ఊరు. ఎక్కడెక్కడి నుంచో చేతులు మెడకు వేలాడదీసుకుని బస్సులు దిగుతారు. కట్టు కట్టేవాళ్లు కూడా ముందు ఎక్స్‌రే తెమ్మంటారు కాబట్టి మా గదికి పొద్దున మొదలైతే ఊపిరి సలపదు. నాకు అసలే ఓపిక తక్కువ. "కదలొద్దు" అని ఒకసారి మామూలుగా చెబుతాను, రెండోసారి అరుస్తాను. నగరిలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినదాన్ని, మెల్లగా మాట్లాడటం మా ఇంట్లో ఎవరికీ రాదు.

ఆ నెలలో ఒక మధ్యాహ్నం వడమాలపేట నుంచి దేవదానం అనే మేస్త్రి వచ్చాడు. యాభై దాటిన మనిషి, చొక్కా నిండా సిమెంటు మరకలు. కుడి చెయ్యిని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు. వెంట భార్య కరుణమ్మ.

"ఏమైందన్నా?" అన్నాను.

"మా చర్చి గోడకు పూత ఏస్తా ఉంటి మేడం. నిలబడిన పలక జారింది. సెయ్యి ఆనించి పడినాను. యిరగలేదులే."

"విరగలేదని నువ్వే చెప్పేస్తే నేనెందుకు ఇక్కడ?"

"ఈమె పోరు పడలేక వచ్చినా. నాది యిరగదు" అంటూ ఎడమ చేత్తో జేబులోంచి ఒక కార్డు తీశాడు. అరచేయంత ఉంది, అంచున లిల్లీ పూల బొమ్మలు. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి వాళ్ల చర్చిలో ఆరాధన అయ్యాక పళ్లెంలో ఇలాంటివి పెడతారట. ఒక్కొక్కరూ వచ్చి కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటారు. అందులో ఉన్న బైబిలు మాట ఆ ఏడాదికి వాళ్లకు దేవుడిచ్చిన వాగ్దానం. ఈయనకు వచ్చినదాంట్లో, నీతిమంతుడి ఎముకలన్నీ దేవుడు కాపాడతాడని, వాటిలో ఒక్కటి కూడా విరగదని ఉంది.

నా నోరు ఊరుకోదు కదా. "చిలక జోస్యం చెప్పేవాడి దగ్గర చిలక కూడా ఇట్లాగే చీటీ తీస్తుంది కదన్నా" అన్నాను.

కరుణమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మేస్త్రికి మాత్రం కోపం వచ్చింది. నొప్పి కూడా మర్చిపోయి స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు.

"జోస్యం కాదమ్మా, ప్రవచనం. జోస్యం నీకేమైతాదో సెప్తాది. ప్రవచనం దేవుడు ఏం జేయబోతాడో సెప్తాది. రెండూ ఒకటి గాదు."

నేను ఆయన అరచెయ్యిని బల్ల మీద బోర్లా ఆనించి పెడుతున్నాను. చెయ్యి కదలకుండా ఉంచి నోరు మాత్రం కదిలిస్తూనే ఉన్నాడు. తాపీ పట్టిన చెయ్యి కదా, పెట్టినచోట పెట్టినట్టే ఉంది. అందుకని నేనూ ఊరుకుని విన్నాను. యేసు పుట్టకముందు వందల ఏళ్లనాడే ప్రవక్తలు ఆయన గురించి చెప్పారట. ఏ ఊళ్లో పుడతాడో, గాడిద మీద ఎట్లా వస్తాడో, ఆయన బట్టల కోసం చీట్లు ఎట్లా వేస్తారో, అన్నీ ముందే పలికారట. అవన్నీ ఆయన బతుకులో ఒక్కొక్కటే నెరవేరాయని వాళ్ల నమ్మకం. అట్లా నెరవేరాయి కాబట్టే, ఇంకా జరగాల్సి ఉన్నవాటినీ నమ్ముకుని ఎదురుచూస్తామని చెప్పాడు.

"గోడ కట్టేముందు మేము ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగి కడతాం మేడం. దాన్ని బట్టే ఇటుక. ప్రవక్తలు దారం లాగినారు. ఆయన వచ్చి ఆ దారం మింద గోడ కట్టినాడు. వెంట్రుకవాసి తేడా ల్యా."

ఆ మాట నాకు నచ్చింది. మా నాయన కూడా మగ్గం మీద కూర్చుని ఇట్లాగే పోగుల్లోంచి లోకాన్నంతా చెప్పేవాడు. అందుకేనేమో ఆయనతో ఇక వాదించబుద్ధి కాలేదు.

చేతికి ఒక్క ఎక్స్‌రే చాలదు. ఎదురుగా ఒకటి, దాన్ని పీఏ వ్యూ అంటాం. పక్కగా ఒకటి, అది లాటరల్ వ్యూ. రెండూ తీశాను. ఎక్కడా గీత లేదు. కానీ బొటనవేలు చాచితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది చూడండి, ముక్కుపొడి పీల్చేవాళ్లు పొడి పోసుకునే చోటు. దాన్ని మావాళ్లు స్నఫ్ బాక్స్ అంటారు. అక్కడ నొక్కితే మేస్త్రి చెయ్యి లాక్కున్నాడు. నాకు అనుమానం అక్కడే వచ్చింది. ఆ గుంట కింద స్కాఫాయిడ్ అని పడవ ఆకారంలో చిన్న ఎముక ఉంటుంది. చెయ్యి ఆనించి పడినవాళ్లకు చిట్లేది ఎక్కువగా అదే. మణికట్టును కొంచెం వంచి దానికోసమే ఇంకో ఎక్స్‌రే తీశాను. అందులోనూ ఏమీ లేదు.

మేడమీద డాక్టరుగారు కూడా అదే గుంటలో నొక్కి చూసి, రెండు వారాలకు స్లాబ్ వేయించారు. స్లాబ్ అంటే సగం పిండికట్టు, చేతికి ఒక పక్కన మాత్రమే ఉంటుంది.

వాళ్లు వెళ్లబోతుంటే నేను గుమ్మం దగ్గర ఆపాను. "అన్నా, ఈరోజు ఫిల్ములో గీత కనబడలేదు. అంతవరకే. ఈ ఎముక మొండిది. చిట్లినా మొదట్లో బయటపడదు. కొన్నాళ్లకు అంచులు కాస్త అరిగితే అప్పుడు తెలుస్తుంది. కట్టు తీయొద్దు. రెండు వారాలకు మళ్లీ రా."

"కనబడలేదు గదా, సాలు" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. నేను చెప్పిన నాలుగు ముక్కల్లో ఆయన చెవికి ఎక్కింది ఆ ఒక్కటే.

తర్వాతి వారం ఛాతీ ఎక్స్‌రేకు ఒకామె వచ్చింది. జాకెట్టు మార్చుకుంటూ, "మీరు తీసిన ఫోటోలోనే గదా మేడం దేవుని మాట నెరవేరింది" అంది. నాకు అర్థం కాలేదు. వడమాలపేట చర్చిలో ఆదివారం దేవదానం లేచి సాక్ష్యం చెప్పాడట. అంటే దేవుడు తనకు చేసిన మేలు అందరి ముందూ చెప్పడం. అంత ఎత్తు నుంచి పడినా ఎముక విరగలేదని, వాగ్దానం అక్షరాలా నెరవేరిందని చెప్పి, కట్టు విప్పేసి, చెయ్యి పైకెత్తి చూపించాడట. అందరూ చప్పట్లు కొట్టారట.

కట్టు విప్పేశాడన్న మాట వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. ఆమెను పంపించి వెంటనే మేస్త్రికి ఫోను చేశాను.

"కట్టు ఎందుకు తీసినావన్నా?"

"సాక్ష్యం సెప్పినాక ఇంగ కట్టుతో తిరిగితే ఏం బాగుంటాది మేడం? నమ్మకం లేనట్టు ఉండదా?"

"నమ్మకం నీ దగ్గర ఉంచుకో, కట్టు చేతికి ఉంచుకో. రెండూ ఉండొచ్చు కదా."

నవ్వి పెట్టేశాడు. నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు. ఆ ఎముకకు నెత్తురు ఒక కొస నుంచే అందుతుంది. చిట్లినదాన్ని కదలనివ్వకుండా ఉంచకపోతే అవతలి ముక్క ఎండిపోతుంది. తర్వాత పిడికిలి బిగిసే పట్టు పోతుంది. కుడి చేతి పట్టు పోయిన మేస్త్రి తాపీ ఎట్లా పట్టుకుంటాడు?

గుడ్‌ఫ్రైడే వచ్చే వారంలో మంగళవారం కరుణమ్మ ఆయన్ను దాదాపు ఈడ్చుకుంటూ తెచ్చింది. తడిబట్ట పిండలేకపోతున్నాడట. అన్నం ముద్ద ఎడమ చేత్తో తింటున్నాడట. నేనేమీ అనకుండా మళ్లీ అవే ఎక్స్‌రేలు తీశాను. స్కాఫాయిడ్ నడుము మీద సన్నటి నల్లటి గీత అడ్డంగా కనిపించింది. రాసేది డాక్టరే అయినా, అది చూపించడానికి డాక్టరు అక్కర్లేదు. తెర మీద ఆయనే చూశాడు.

తర్వాత గొంతు తగ్గించి, "మేడం, ఇది ఇప్పుడు కొత్తగా పడి యిరిగిందని రాయొచ్చునా?" అన్నాడు.

"రాసేది నేను కాదు. నేనైనా అబద్ధం రాయను."

"నేను జనం ముందర నిలబడి సెప్పినాను. ఇప్పుడు అప్పుడే యిరిగిందంటే దేవుని మాట అబద్ధమైతాది. నన్ను సూసి నమ్మినోళ్లు ఉండారు. ఈస్టరు పోనీ. అంతవరకు కట్టు ఏసుకోను. ఎవురికీ సెప్పొద్దు."

"అంతవరకు ఆగితే చెయ్యి పోతుందన్నా. నీకు తాపీ కావాలా వద్దా?"

"పోతే పోనీ" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మొండితనం కాదు, నిజంగా భయపడుతున్నాడు. తన చెయ్యి కంటే ఆ మాటకు ఏమవుతుందోనని భయం. అప్పటిదాకా నాకున్న కోపం ఎటుపోయిందో తెలియదు.

కరుణమ్మ అప్పటివరకు గోడ దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంది. అక్కడి నుంచే అడిగింది. "ఏమయ్యా, ఆ మాట ఎవురి గురించి?"

"ఏ మాట?"

"ఎముక యిరగదన్న మాట. యాడ నెరవేరింది అది?"

ఈ విషయాలు ఆయనకు కంఠతా వచ్చు. అడిగితే చెప్పకుండా ఉండలేడు. "సిలువ కాడ. దావీదు కీర్తనలో పాడినాడు. ఆయనకు రెండు పక్కలా ఏలాడేసినోళ్ల కాళ్లు సైనికులు యిరగ్గొట్టినారు. ఈయన దగ్గరికి వచ్చేసరికి అప్పుడే ప్రాణం ఇడిసినాడు. అందుకని ఈయనవి యిరగ్గొట్టలా. ఆ మాట అట్లా నెరవేరిందని సువార్తలో ఉండాది."

"నెరవేరింది గదా. మళ్లా నీ సేతి మింద నెరవేరల్లనా?"

ఆయన మళ్లీ తెర వైపు తిరిగాడు.

"ఆయన ఎముక యిరగలేదు, సరే. సేతుల్లో మేకులు దిగినాయా లేదా?"

"దిగినాయి."

"దిగుతాయని కూడా ముందే రాసుండాది గదా. అది ఎవురూ కార్డు మింద ఎయ్యరు. ఆయన గోడకు పట్టిన దారం తెచ్చి నీ గోడకు కట్టుకుంటే ఎట్లయ్యా?"

బయట ఎవరో తలుపు తట్టారు. నేను తీయలేదు. కరుణమ్మ ఇంకా చెప్పాల్సింది ఉన్నట్టు కాళ్లవైపు చూసుకుంటోంది.

"పోయినేడు నేను కొళాయి కాడ జారి పడితే సీలమండ యిరిగింది. నువ్వేమన్నావు? ఏం పాపం జేసినావో ఒప్పుకో అన్నావు. మొన్న నువ్వు నిలబడి, నీతిగా ఉండేవాళ్ల ఎముకలు యిరగవని సెప్తా ఉంటే నేను ఆడోళ్లలో కూసోనుండాను. అందురూ నా కాలు సూసినారు. ఆ యేడు నాకొచ్చిన వాగ్దానం ఏందో ఒక్కసారన్నా అడిగినావా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నా పాదం జారనియ్యడని."

ఆయన ఆమె చీలమండ వైపు చూశాడు.

"నేను ఆ కార్డు సింపి పారెయ్యలా" అంది కరుణమ్మ. "మాట అబద్ధమనీ అనుకోలా. మంచం మింద పండుకోని, దీని అర్థం నాకింకా తెలీలేదులే అనుకున్నా. అది నా సేతికి రాకముందే ఆయన మాట. నా కాలు యిరిగితే దానికేమైతాది?"

నేను దేవుడి గురించి ఎక్కువ ఆలోచించే మనిషిని కాదు. ఎన్నో ఏళ్లుగా ఆ గదిలో ఏడ్చేవాళ్లను చూశాను, ఏడ్చినదాన్ని కాదు. ఆరోజు తెర వైపు తిరిగి ఏదో పని ఉన్నట్టు మీటలు నొక్కాను.

కాసేపటికి దేవదానం లేచి, "డాక్టరయ్యను కట్టు ఎయ్యమందాం" అన్నాడు.

ఈసారి పూర్తి పిండికట్టు వేశారు. ముంజేతి నుంచి బొటనవేలు దాకా కప్పేస్తుంది, థంబ్ స్పైకా అంటారు. జులైలో మళ్లీ తీసిన ఎక్స్‌రేలో ఎముక అతుక్కుంది. ఇప్పుడాయన తాపీ పనికి పోతున్నాడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కేసులో నాకు గుర్తుండిపోయింది అది కాదు.

కట్టు వేయించుకుని కిందికి వచ్చాక ఆయన నన్ను రెండు ఫిల్ములూ అడిగాడు. మొదటిదీ, రెండోదీ. "శుక్రవారం నువ్వూ రావల్ల మేడం" అన్నాడు. నేను వస్తానుగానీ నోరు విప్పనని చెప్పాను.

గుడ్‌ఫ్రైడే రోజు పదకొండింటికి బస్సెక్కి వడమాలపేటలో దిగాను. చర్చి చిన్నది, ఒక గోడ సగానికి పూత పూసి వదిలేసి ఉంది. ఆడవాళ్లు అందరూ తెల్లచీరల్లో ఉన్నారు. నేను ముదురాకుపచ్చ చీరలో వెళ్లి వెనక కూర్చున్నాను, చుట్టం ఇంటికి తప్పు రోజున వచ్చినదానిలా. పన్నెండింటికి మొదలై మూడు దాకా సాగే ఆరాధన. సైనికులు కాళ్లు విరగ్గొట్టే చోటు అయ్యగారు చదివి పుస్తకం దించగానే, దేవదానం లేచి రెండు నిమిషాలు ఇమ్మని అడిగాడు. పాస్టరు గారిని వాళ్లు అయ్యగారు అంటారు. ఆయన సరేనన్నాడు.

మేస్త్రి కిటికీ దగ్గరికి వెళ్లి రెండు ఫిల్ములూ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. కట్టు ఉన్న చేత్తో ఒకటి, ఎడమ చేత్తో ఒకటి.

"మేడం, మొదటి దాంట్లో గీత ఉండాదా?" అని నన్నే అడిగాడు. అన్ని తలలూ వెనక్కి తిరిగాయి.

"కనబడదు" అన్నాను.

"రెండో దాంట్లో?"

"ఉంది."

"రెండూ ఒక సెయ్యేనా?"

"ఒక చెయ్యే. మొదటి రోజే విరిగింది."

నోరు విప్పనన్న నా ఒట్టును అట్లా తీసి గట్టున పెట్టాను. ఆయన ఫిల్ములు దించాడు.

"నేను పడినబుడే యిరిగింది. యిరగలేదని మీకు సెప్పినాను. దేవుడు అబద్ధమాడలా, నేను తొందరపడినా. ఎముక యిరగదన్న మాట ఆ పొద్దు సిలువ కాడ నెరవేరిపోయింది. మనం దాన్ని నమ్మేది అందుకే. దాన్ని తెచ్చి నా సేతికి కట్టు మాదిరి సుట్టుకోని తిరిగినాను." ఆగాడు. ఆడవాళ్ల వైపు తిరిగాడు. "ఇంగొకటి సెప్పల్ల. నా సెయ్యి యిరిగితే నాకు దేవుని మాటకు ఏమైతాదోనని బయం ఏసింది. నా పెండ్లాం కాలు యిరిగినబుడు అట్లాంటి బయం ఒక్కటీ రాలా. ఆమెనే అనుమానించినా. ఏం తప్పు జేసినావని మంచం కాడ నిలబడి అడిగినా. ఆమె ఏ తప్పూ జెయ్యలా. అది మీ అందురి ముందరా సెప్పల్లని లేసినా."

పసిపిల్ల ఒకతి ఎక్కడో ఏదో అడిగితే తల్లి ఊరుకోబెట్టింది. నేను ముందు వరుసలో ఉన్న కరుణమ్మను చూస్తున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది, నిదానంగా, చెమట తుడుచుకున్నట్టే. తర్వాత అందరికీ వినబడేలా అంది:

"సరేలేయ్యా, వినినాను. ఇంగ కూసో. అయ్యగారు ఇంగా ముగించల్ల. బయట గంజి సల్లారిపోతాండాది."

ముందు ఆడవాళ్లు నవ్వారు, తర్వాత మగవాళ్లు, చివరికి అయ్యగారు కూడా. దేవదానం మగవాళ్ల వైపు పోకుండా వచ్చి ఆమె పక్కన కింద కూర్చున్నాడు. అక్కడ అట్లా కూర్చోవడం వాడుక కాదని నాకు తర్వాత చెప్పారు. ఆరోజు ఎవరూ లేవమనలేదు. అయ్యాక ఉపవాసం విడవడానికి చెట్టుకింద గంజి, పచ్చడి ఇచ్చారు. ఉపవాసం లేకపోయినా నేను రెండు గ్లాసులు తాగాను.

ఒక మాట నిజమని నమ్మడం వేరు, అది నా మీదే నిజం కావాలని పట్టుబట్టడం వేరు అని నాకు ఆ దంపతుల వల్ల తెలిసింది. నా పనిలో కూడా ఒకటి మారింది. ఇప్పుడు ఎవరైనా బల్ల ఎక్కకముందే "నాకేం లేదులే మేడం" అంటే నేను అరవను. ఆ మనిషి వెంట ఎవరు వచ్చారో చూసి, వాళ్లకు ఒక కుర్చీ వేసి, "నువ్వు చెప్పక్కా" అంటాను. ఎక్స్‌రే ఆ తర్వాత తీస్తాను.